డీఎం తొండి ఆడొచ్చా?

ఈ రోజు డైరెక్ట్‌గా మేటర్‌లోకి వెళ్ళిపోదాం, ఎందుకంటే పొదల్లో ఒక గాబ్లిన్ బాణం ఎక్కుపెట్టుకుని కూర్చుంది.

సీన్ ఏంటంటే, మీరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడటం ఇదే ఫస్ట్ టైమ్. వారం రోజులు కష్టపడి ఒక విజర్డ్ క్యారెక్టర్ తయారుచేసుకున్నారు. పేరు పెట్టారు, వాడు ఊరు ఎందుకు వదిలేశాడో రాసుకున్నారు, ఫోన్లో బొమ్మ కూడా వెతికి పెట్టుకున్నారు. ఆట మొదలై ఇరవై నిమిషాలు కాలేదు, గాబ్లిన్ బాణం వదిలింది. డీఎం స్క్రీన్ వెనక డైస్ వేశాడు. 20 పడింది. అంటే క్రిటికల్ హిట్, డ్యామేజ్ డైస్ ఒకటి కాదు, రెండు వేయాలి. వేశాడు. 6, ఇంకో 6. దానికి 2 కలిపితే 14. మీ విజర్డ్ దగ్గర ఉన్నవి 7 హిట్ పాయింట్లు.

5వ ఎడిషన్‌లో ఒక రూల్ ఉంది. మీరు సున్నాకి పడిపోయాక ఇంకా మిగిలిన డ్యామేజ్ మీ పూర్తి హిట్ పాయింట్లకి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే, డెత్ సేవ్‌లు ఉండవు, ఫ్రెండ్ వచ్చి లేపడాలు ఉండవు. అక్కడికక్కడే అవుట్. ఇక్కడ లెక్క చూడండి, 14లో 7 పోతే మిగిలింది 7. కరెక్ట్‌గా సరిపోయింది.

ఆ 14 అన్న నంబర్ డీఎం ఒక్కడికే కనిపిస్తోంది. వాడు నోరు తెరిచి "9 డ్యామేజ్" అన్నాడనుకోండి, మీరు స్పృహ తప్పి పడతారు, పక్కన ఉన్న క్లెరిక్ వచ్చి లేపుతాడు, కథ నడుస్తుంది. "14" అన్నాడంటే మీరు ఇంకో ఖాళీ షీట్ తీసుకోవాలి.

వాడు ఏం చెప్పాలి?

కొత్తగా చూస్తున్నవాళ్ళకి రెండు ముక్కలు. ఇది కంప్యూటర్ గేమ్ కాదు, నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుని, లేదా డిస్కార్డ్ కాల్‌లో, మాటలతో ఆడే ఆట. ఒకరు డంజన్ మాస్టర్, డీఎం. ప్రపంచం, రాక్షసులు, ఊళ్ళు, వాతావరణం అన్నీ ఆ మనిషే. మిగతావాళ్ళు ఒక్కో క్యారెక్టర్. అనుమానం ఉన్న ప్రతి పనికీ ఇరవై ముఖాల డైస్. డీఎం ముందు ఒక అట్ట స్క్రీన్ నిలబెట్టి ఉంటుంది, దాని వెనక వాడి నోట్స్, వాడి డైస్. మనం మాట్లాడేది ఆ అట్ట గురించే.

పైన చెప్పిన గాబ్లిన్ సీన్ నేను కావాలని పుట్టించిందేమీ కాదు. 2014లో వచ్చిన స్టార్టర్ సెట్‌లో 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాన్‌డెల్వర్' అని ఒక అడ్వెంచర్ ఉంటుంది. కొత్తవాళ్ళ కోసమే రాసింది. అందులో మొట్టమొదటి ఫైట్ ఏంటో తెలుసా? రోడ్డు మీద దారికాచిన నాలుగు గాబ్లిన్లు. ఒక్కో దాడికి క్రిటికల్ పడే ఛాన్స్ 5 శాతం. నాలుగూ ఒక్కోసారి దాడి చేస్తే, కనీసం ఒక క్రిటికల్ పడే ఛాన్స్ దాదాపు 18.5 శాతం. ఒక్క రౌండ్‌లోనే. డబుల్ సిక్స్ పడటం 36లో ఒకటే, నిజమే. కానీ ఈ అడ్వెంచర్ లెక్కలేనన్ని టేబుల్స్ మీద ఆడారు. ఎక్కడో ఒక విజర్డ్ ఇప్పటికే పోయి ఉంటాడు, వాడి ఆత్మకి శాంతి కలగాలి.

సరే, రూల్ మార్చడం అంటే అందరూ ఒకే గాటన కట్టేస్తారు. నాకు అక్కడే పేచీ. ఇందులో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి.

మొదటిది మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. గల్లీ క్రికెట్. గోడకి డైరెక్ట్‌గా తగిలితే అవుట్, వన్ పిచ్ ఒంటి చేత్తో పడితే అవుట్, ఆ మూల ఇంట్లోకి బంతి వెళ్తే కొట్టినవాడే తెచ్చుకోవాలి. ఇవేవీ క్రికెట్ పుస్తకంలో లేవు. కానీ మ్యాచ్ ముందే అందరికీ తెలుసు, అందరికీ ఒకటే. దీన్ని టేబుల్‌టాప్ భాషలో హౌస్ రూల్ అంటారు. రెండోది, బ్యాట్ ఓనర్ రూల్. వాడు బౌల్డ్ అయ్యాక "ట్రయల్ బాల్ కదరా" అంటాడు. దానికి మన దగ్గర చక్కటి మాట ఉంది, తొండి. తమాషా ఏంటంటే, ఈ ఆటలో డీఎం తనకోసం కాదు, మీకోసం తొండి ఆడతాడు. అయినా అది తొండేనా కాదా అన్నదే గొడవంతా.

హౌస్ రూల్స్ మీద నాకు అసలు అభ్యంతరమే లేదు, ఎందుకంటే ఈ ఆట పుట్టిందే హౌస్ రూల్‌గా. 1971లో చెయిన్‌మెయిల్ అని ఒక యుద్ధం ఆట పుస్తకం వచ్చింది, గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ రాశారు. బొమ్మ సైనికులతో ఆడేది. మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే ఆయన, బ్లాక్‌మూర్ అనే తన సొంత ప్రపంచంలో, సైన్యాల బదులు ఒక్కో మనిషికి ఒక్కో క్యారెక్టర్ ఇచ్చి నేలమాళిగల్లోకి పంపడం మొదలుపెట్టాడు. చెయిన్‌మెయిల్ రూల్స్ వాడి చూశాడు, సరిపోని చోట మార్చుకుంటూ పోయాడు. గైగాక్స్, ఆర్నెసన్ కలిసి దాన్ని 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌గా బయటికి తెచ్చారు. ఒక పెట్టె, మూడు చిన్న పుస్తకాలు, మొదటి ప్రింట్ 1000 కాపీలు.

ఆ పుస్తకాలు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఫైటింగ్ ఎలా అంటే చెయిన్‌మెయిల్ చూసుకోండి అంటుంది. అడవిలో ప్రయాణం ఎలా అంటే, అవలాన్ హిల్ అనే వేరే కంపెనీ అమ్మే 'అవుట్‌డోర్ సర్వైవల్' బోర్డు వాడుకోండి అంటుంది! మన భాషలో చెప్పాలంటే సగం డిపెండెన్సీలు బయటివే, డాక్యుమెంటేషన్ మిస్సింగ్. ఇంకో విషయం, ఈ రోజు మనం వేసే ఇరవై ముఖాల డైస్ ఫైటింగ్ ఉంది కదా, అది ఆ పెట్టెలో ప్రత్యామ్నాయ పద్ధతిగానే ఉంది. ఆప్షనల్‌గా ఇచ్చిందే ఆఖరికి అసలు ఆట అయిపోయింది.

క్రిటికల్ హిట్ సంగతి ఇంకా మజా. 20 పడితే ఎక్స్‌ట్రా డ్యామేజ్ అన్న ఐడియా 1975లోనే ఎం.ఎ.ఆర్. బార్కర్ రాసిన 'ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్' అనే గేమ్‌లో కనిపిస్తుంది. జనం ఎగబడి తమ టేబుల్స్ మీదకి తెచ్చుకున్నారు. గైగాక్స్‌కి అది అస్సలు నచ్చలేదు. 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో దానికి వ్యతిరేకంగానే రాశాడు. ఆయన పాయింట్‌లో దమ్ముంది, ఒకసారి ఆలోచించండి. ఒక గాబ్లిన్ బతికేది మూడు రౌండ్లు. మీ క్యారెక్టర్ బతకాల్సింది రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో మీ మీద ఎన్ని వందల దాడులు జరుగుతాయి? ప్రతి దాడికీ 5 శాతం. గాబ్లిన్‌కి క్రిటికల్ పడితే మీకు నష్టం, మీకు క్రిటికల్ పడితే ఎలాగూ చావబోయే గాబ్లిన్ కాస్త ముందు చస్తుంది. చప్పట్లు మనకి, బిల్లు కూడా మనకే. అయినా జనం వినలేదు. 2000లో వచ్చిన 3వ ఎడిషన్‌లో క్రిటికల్ హిట్ మెయిన్ రూల్స్‌లోనే కూర్చుంది. ఇప్పుడు ఎవరైనా డి అండ్ డి మీమ్ పంపితే పదిలో తొమ్మిది అదే జోక్.

గైగాక్స్ కూడా ఒకే మాట మీద లేడు. 1974లో మీకు నచ్చినట్టు మార్చుకోండి అన్న ధోరణి. తర్వాత అడ్వాన్స్‌డ్ డి అండ్ డి వచ్చేసరికి, అన్ని టేబుల్స్ మీదా ఆట ఒకేలా ఉండాలి అని గట్టిగా వాదించాడు. దానికి వ్యాపారం ఒక కారణం అనుకోవచ్చు, కానీ టోర్నమెంట్లు కూడా ఉన్నాయి. 1975లో ఆరిజిన్స్ అనే కన్వెన్షన్‌లో 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే భయంకరమైన సమాధిని పోటీగా పెట్టారు. వేరే వేరే టీములు, వేరే వేరే డీఎంలు, ఒకటే సమాధి. అక్కడ ఒక డీఎం జాలిపడితే పక్క టేబుల్ వాళ్ళకి అన్యాయం. ఇప్పటికీ అడ్వెంచరర్స్ లీగ్‌లో, మీ క్యారెక్టర్‌ని ఈ రోజు ఒక టేబుల్‌కి, వచ్చే వారం ఇంకో టేబుల్‌కి తీసుకెళ్ళే చోట, సొంత రూల్స్‌కి చోటు లేనిది అందుకే.

అదే 1979 పుస్తకంలో ఆ పెద్దాయనే డీఎంకి ఇంకో తలుపు కూడా తెరిచి పెట్టాడు. డైస్‌ని కాదనే హక్కు నీకుంది అని. ప్లేయర్ అన్నీ సరిగ్గా చేసి, కేవలం దురదృష్టం వల్ల పోతుంటే కాస్త కరుణించొచ్చు, తెలివితక్కువ పని చేసి పోతుంటే మాత్రం డైస్ ఎలా పడితే అలా, అన్నది దాని సారాంశం. అంటే మన గాబ్లిన్ కేసులో గైగాక్స్ బహుశా 9 అనే చెప్పేవాడు. చాలా మంది డీఎంలు అదే చెప్తారు. దీన్నే ఫడ్జింగ్ అంటారు.

ఇప్పుడు మా గ్యాంగ్‌లో జరిగింది చెప్తా. నేను అందులో ప్లేయర్‌ని, డీఎం కాదు. శనివారం రాత్రుళ్ళు, ఆన్‌లైన్‌లో, ఏడాది పైన నడిచింది ఆ క్యాంపెయిన్. చివరి ఫైట్‌లో డ్రాగన్. మిగతావాళ్ళం పారిపోతుంటే, మాలో ఒకమ్మాయి ఆడే క్లెరిక్ వంతెన మీద ఒక్కతే నిలబడింది. మూడు రౌండ్లు. డ్రాగన్ పంజా తప్పింది, తోక తప్పింది, మేం మైకుల్లో అరుస్తున్నాం, ఎవరి ఇంట్లోనో వాళ్ళమ్మ లేచి తిట్టింది కూడా. క్లెరిక్ బతికింది. తను ఆ క్యారెక్టర్ బొమ్మ ఎవరితోనో గీయించుకుని చాలా రోజులు వాట్సాప్ డీపీగా పెట్టుకుంది.

ఆరు నెలల తర్వాత అందరం ఒక ఎంగేజ్‌మెంట్‌లో కలిశాం. భోజనాల దగ్గర మా డీఎం, చాలా ప్రేమగానే, "ఆ రోజు నువ్వు రెండో రౌండ్‌లోనే పోవాలి తెలుసా, నేనే మార్చేశా" అన్నాడు. వాడి ఉద్దేశం, చూశావా నీకోసం ఏం చేశానో అని. తను నవ్వేసి ఊరుకుంది. కానీ కొత్త క్యాంపెయిన్‌లో, ఒక ఓగ్రె దెబ్బ తప్పిందని వాడు చెప్పగానే, మైక్ ఆన్ చేసి ఒక్క మాట అడిగింది. "తప్పిందా, తప్పించావా?"

కాల్ సైలెంట్ అయిపోయింది. ఎందుకంటే అప్పటికి మా అందరి మనసులో అదే ప్రశ్న ఉంది. తను వెళ్ళిపోలేదు, గొడవేమీ పడలేదు. వాడు కూడా చెడ్డవాడేం కాదు. నాకు తెలిసిన డీఎంలలో వాడంత ప్రిపేర్ అయ్యేవాళ్ళు తక్కువ. కానీ ఆ వంతెన ఉంది చూశారా, అది తనది కాకుండా పోయింది. తను గెలిచిందనుకున్నది వాడు ఇచ్చిన గిఫ్ట్ అని తేలింది.

ఉద్యోగం చేసిన రోజుల్లో ప్రొడక్షన్ లాగ్స్ చదవడం నా పని. లాగ్‌లో ఒక్క లైన్ ఎవరో చేత్తో మార్చారని తెలిస్తే, మిగతా పదివేల లైన్లు కరెక్టే అయినా ఒక్కదాన్నీ నమ్మలేం. మార్చినవాడి మనసు ఎంత మంచిదైనా సరే. ఫడ్జింగ్‌తో నా సమస్య అదే. దొరకనంతవరకు బాగుంటుంది, దొరికిన రోజు మాత్రం ఆ ఒక్క రోల్‌తో ఆగదు, వెనక్కి వెళ్ళి అన్నిటినీ అంటుకుంటుంది.

మీరు వెంటనే అడగొచ్చు, వీడియో గేమ్స్ ఇదే చేస్తాయి కదా అని. చేస్తాయి. ఫైర్ ఎంబ్లెమ్ సిరీస్‌లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కాలం నుంచి ఒక ట్రిక్ ఉంది. దెబ్బ తగిలే ఛాన్స్ 90 శాతం అని చూపిస్తుంది, కానీ లోపల రెండు ర్యాండమ్ నంబర్లు తీసి వాటి సగటు చూస్తుంది. లెక్క వేస్తే అసలు ఛాన్స్ 98.1 శాతం. 75 అని చూపిస్తే నిజానికి 87.75. ఎందుకంటే మన బుర్రకి 90 అంటే 'పక్కా' అని అర్థం, పదిలో ఒకసారి తప్పితే గేమ్‌ని తిడతాం. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో కార్మిక్ డైస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. వరసగా చెత్త రోల్స్ పడకుండా చూస్తుంది. డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, మీలో సగం మందికి అది ఉందనే తెలిసి ఉండదు, వెళ్ళి చూసుకోండి.

కానీ తేడా చూడండి. ఆ కోడ్‌కి మీ మొహం తెలీదు. నాకు ఒకలా, మీకు ఒకలా పనిచేయదు. పైగా కార్మిక్ డైస్‌కి ఒక స్విచ్ ఉంది, నచ్చకపోతే మీరే ఆఫ్ చేసుకోవచ్చు. మా డీఎం జాలికి స్విచ్ ఎక్కడుంది?

మొహం తెలియడం గురించి ఇంకాస్త మాట్లాడాలి, ఎందుకంటే దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు. 'రూల్ ఆఫ్ కూల్' అంటారు, పని అదిరిపోయేలా ఉంటే రూల్ పక్కన పెట్టు అని. షాండ్లియర్ పట్టుకుని ఊగి, గాల్లో తిరిగి, రాజుగారి కిరీటం కొట్టేస్తా అంటాడు ఒకడు. డీఎం పడిపోతాడు, "సరే కానీ" అంటాడు. సూపర్. కానీ గమనించండి, ఎప్పుడూ ఎవరికి కుదురుతుంది ఈ సరే కానీ? మాటకారికి. డీఎం జోకులకి ముందు నవ్వేవాడికి. మూల కూర్చుని, రూల్ బుక్ చదువుకుని వచ్చి, "నా స్పెల్ రేంజ్ 60 అడుగులే కాబట్టి ముందుకి జరుగుతా" అనే ప్లేయర్ ఉంటుంది చూడండి, తనకి ఎవరూ ఏ రూలూ వంచరు. తను అడగదు కాబట్టి. ఆరు సెషన్లు అయ్యాక రూల్స్ తన ఒక్కదానికే వర్తిస్తున్నట్టు ఉంటుంది పరిస్థితి. కొత్తగా ఆటలోకి వచ్చి రెండు నెలల్లో మానేసేవాళ్ళు ఎక్కువగా ఈ మూలలోంచే మానేస్తారని నా అనుమానం.

అందుకే షాండ్లియర్‌కి ఓకే చెప్తే, గట్టిగా చెప్పండి. "ఇది ఈ టేబుల్ మీద ఇక నుంచి ఎవరైనా చేయొచ్చు, ఈ చెక్ పాస్ అవ్వాలి" అని. అలా చెప్పడానికి మనసొప్పకపోతే ఆ ఓకేలోనే ఏదో తేడా ఉన్నట్టు.

మరి గాబ్లిన్? నా ఆన్సర్ ఏంటంటే, డైస్ పడ్డాక మార్చడం కంటే పడకముందు మార్చండి. అక్కడ డీఎంకి ఉన్న స్వేచ్ఛ చాలా మంది వాడుకోరు. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో గాబ్లిన్‌కి 7 హిట్ పాయింట్లు అని ఉంటుంది, పక్కనే రెండు ఆరు ముఖాల డైస్ అని కూడా ఉంటుంది. అంటే 2 నుంచి 12 దాకా ఏదైనా రూల్ ప్రకారమే. కొత్త గ్యాంగ్ అయితే ఫైట్ మొదలవ్వకముందే 4 పెట్టుకోండి, ఎవరు కాదంటారు? నాలుగు గాబ్లిన్ల బదులు రెండు పెట్టండి. గాబ్లిన్‌కి విజర్డ్‌ని చంపడం కంటే పట్టుకెళ్ళి అమ్ముకోవడం లాభం కావచ్చు. దగ్గర్నుంచి కొట్టే దాడిలో సున్నాకి దించితే చంపకుండా స్పృహ తప్పించొచ్చని 5వ ఎడిషన్ రూల్ ఉంది. అది బాణానికి వర్తించదు, కాబట్టి బాణం బదులు కత్తి తీయించండి, అంతే కదా.

ఇంకో దారి, ముందే అందరికీ చెప్పేయడం. "మొదటి మూడు సెషన్లు ఎవరూ చావరు, తర్వాత డైస్ అంతా ఓపెన్." ఇది కూడా రూల్ మార్చడమే, కానీ గోడకి తగిలితే అవుట్ లాంటిది.

కొంతమంది డిజైనర్లు అసలు ఈ టెంప్టేషనే లేకుండా చేశారు. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ చేసిన 'అపోకలిప్స్ వరల్డ్'లో ఆట నడిపేవాళ్ళు డైస్ ముట్టుకోరు. వేసేదంతా ప్లేయర్లే, అందరి ముందూ. జాన్ హార్పర్ 'బ్లేడ్స్ ఇన్ ద డార్క్' అయితే నాకు మరీ ఇష్టం. అందులో రోల్ చేయకముందే ఇది ఎంత ప్రమాదమో డీఎం చెప్పాలి. చెడు జరిగాక కూడా ప్లేయర్ "నేను దీన్ని ఒప్పుకోను" అనొచ్చు, దెబ్బ తగ్గించుకోవచ్చు. కానీ దానికి స్ట్రెస్ కట్టాలి. స్ట్రెస్ గడులు 9 ఉంటాయి, నిండితే క్యారెక్టర్‌కి ట్రామా, అలాంటి ట్రామాలు నాలుగు అయితే వాడి కథ అయిపోయినట్టే. చూశారా, కరుణ ఉంది, కానీ అది ప్లేయర్ చేతిలో ఉంది, దానికి రేటు ఉంది, అందరికీ కనిపిస్తుంది. 'సావేజ్ వరల్డ్స్'లో కూడా ప్రతి సెషన్ మొదట్లో ఒక్కొక్కరికి మూడు బెన్నీలు ఇస్తారు, నచ్చని రోల్ మళ్ళీ వేసుకోవడానికి. డి అండ్ డి ఆడుతూ కూడా ఆ ఐడియా ఎత్తుకొచ్చి పెట్టుకోవచ్చు. మేం అదే చేశాం.

మా డీఎం ఇప్పుడు స్క్రీన్ వాడట్లేదు. ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా రోల్ చేస్తాడు. సెషన్‌కి తలా రెండు టోకెన్లు. మొన్న మా రోగ్ పోయాడు, ఓపెన్ రోల్‌లో, అందరం చూస్తుండగా, టోకెన్లు రెండూ తాళం తీయడానికి ఖర్చుపెట్టేసుకుని. అరగంట ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆ క్లెరిక్ అమ్మాయే అంత్యక్రియల సీన్ నడిపింది, డీఎం ఊరికే కూర్చుని విన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఇంకా డౌట్ ఉంది. ఆడేది పదేళ్ళ పిల్లలతో అయితే? మా కజిన్ వాళ్ళ అబ్బాయికి ఈ సంక్రాంతికి మొదటిసారి ఆడిస్తా అని మాటిచ్చా. వాడు అప్పుడే ఫోన్ చేసి తన ఫైటర్ పేరు, కత్తి పేరు, గుర్రం పేరు కూడా చెప్పేశాడు. డైస్ ఓపెన్‌గానే వేద్దామని ఉంది. గాబ్లిన్లు మాత్రం రెండే.

నెక్స్ట్ ఎపిసోడ్ 'టూంబ్ ఆఫ్ హారర్స్' మీద, ఆ ఆకుపచ్చ దెయ్యం మొహం నోట్లో చెయ్యి పెడితే ఏమవుతుందో చూద్దాం. పెట్టకండి. ఉంటా, బై.